కెర్నల్‌కి మూడు కొటేషన్లు

నీటి సరఫరా కార్యాలయంలో కొనుగోళ్లు చూసే గుమాస్తాని అందరూ పట్టికగారు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వినబడదు. గొట్టం కొనాలన్నా, కుళాయి కొనాలన్నా, ఆఖరికి బల్ల తుడిచే గుడ్డ కొనాలన్నా మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పించి, స్కేలు పెట్టి గీతలు గీసి, గళ్లు నింపి, మార్కులు వేసి, అడుగున సంతకం పెడితే గాని ఆయన ఏ వస్తువునూ గడప దాటనివ్వరు. ఆయన చేతి పట్టిక చూస్తే ముచ్చటేస్తుంది. గీత ఒక్కటీ వంకర పోదు. ఈలోగా వేసవి వచ్చి వెళ్లిపోతుంది, కుళాయి రాదు, అది వేరే సంగతి.

ఈ రోగం పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, వయసు వేడిలో, చూడగానే బాగున్నాయని నలభై బకెట్లు ఒక్క మాట మీద కొనేశారు. వారం తిరక్కుండా పిడులన్నీ ఊడి చేతికొచ్చాయి. పైనుంచి మెమో వచ్చింది. అందులో ఒకటే వాక్యం: "ఎవరిని అడిగి కొన్నారు?" ఇరవై రెండేళ్లయింది. ఆ కాగితం ఇంకా ఆయన సొరుగులో అడుగున ఉంది. బకెట్లూ పోయాయి, అడిగినవాళ్లూ రిటైరయ్యారు, ప్రశ్న మాత్రం మిగిలింది.

ఇంట్లోనూ అదే తంతు. పడగ్గది కిటికీకి తెరగుడ్డ ఎంపిక పూర్తయ్యేసరికి పక్కింటివాళ్లు ఆ కిటికీకి అడ్డంగా గోడ కట్టేసుకున్నారు. మంచి ఫోను కొనాలన్న ప్రతిపాదన రెండేళ్లుగా రెండో కొటేషన్ దగ్గర ఆగి ఉంది కాబట్టి ఆయన జేబులో ఇప్పటికీ మీటల ఫోనే. ఆయన భార్య మాత్రం తన కుట్టుపని సంపాదనలోంచి ఓ సాయంత్రం వెళ్లి ఫోను కొని తెచ్చుకుంది. నాలుగు రోజులు ఆయన ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆమె గురించి చెప్పాలి. ఒకప్పుడు చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే విభాగానికి పెద్దదిక్కు. గుడ్డ మీద సుద్దతో గీత గీస్తే అది మళ్లీ చెరిపే పని ఉండేది కాదట. ఆరేళ్ల కిందట ఫ్యాక్టరీ మూతబడింది. అప్పట్నుంచి ముందుగదిలో కూర్చుని వీధిలోవాళ్ల ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం. ఆ చేతులకి ఆ పని చాలదని ఆమెకి తెలుసు, నోరు విప్పి అనలేదు అంతే. ఇప్పుడు ఇన్నాళ్లకి ఓ కుట్టు శిక్షణ సంస్థలో కత్తిరింపు నేర్పే టీచరు ఉద్యోగం పడింది. అర్జీ పెట్టింది. గురువారం పదకొండు గంటలకి వీడియోలో ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. కంప్యూటర్‌లో ఆ సంస్థ పిల్లలకి ఆమె మొహం, ఆమెకి వాళ్లూ కనబడాలి, బల్లకి పైన వేలాడదీసిన ఫోన్లో ఆమె చేతులు కనబడాలి. ఒక్కటే అవకాశం, వాయిదా లేదు.

కంప్యూటర్ అంటే ఆమె తమ్ముడు వాడి వదిలేసిన తొమ్మిదేళ్ల లాప్‌టాప్. నత్తనడక నడుస్తోందని అందులో అతనే విండోస్ తీసేసి లినక్స్ వేసిచ్చాడు. అప్పట్నుంచి అది చక్కగా నడుస్తోంది. కానీ ఈమధ్య ఓసారి ఫోన్లో మాటల మధ్య, "కెర్నల్ పాతదైపోయింది బావా, కొత్తది వేస్తే ఇంకా బాగుంటుందేమో చూడు" అన్నాడు. ఆ మాట అని అతను మర్చిపోయాడు. పట్టికగారు మర్చిపోలేదు. ఆ రాత్రి అన్నం తింటూనే స్కేలు కోసం వెతికారు.

"కెర్నల్ అంటే ఏంటండీ?" అని భార్య అడిగింది.

"యంత్రానికీ, ప్రోగ్రాములకీ మధ్య కూర్చునే సెక్షన్ ఆఫీసరనుకో. కెమెరా కావాలన్నా, నెట్ కావాలన్నా, చప్పుడు రావాలన్నా దాని సంతకం పడాల్సిందే. అది కదలకపోతే ఏదీ కదలదు."

"అంటే మీరే."

"వేళాకోళం కాదు."

"ఇప్పుడున్నది సంతకాలు పెడుతోందిగా?"

"పెడుతోంది."

"మరెందుకు మార్చడం?"

ఈ ప్రశ్నకి ఏ కార్యాలయంలోనూ జవాబు ఉండదు. పట్టికగారు "నీకు తెలీదులే" అన్నారు. మొగుళ్లకి జవాబు దొరకనప్పుడు దొరికే మాట అదొక్కటే.

మూడు వారాలు పరిశీలన సాగింది. అభ్యర్థులు ముగ్గురు ఉండాలి గనక ముగ్గుర్ని తేల్చారు. ఒకటి, ఆరేళ్లదాకా మరమ్మతులు చేస్తామని తయారుచేసినవాళ్లు మాటిచ్చినది. రెండోది పోయిన వారం విడుదలైనది, ఇంకా పొత్తిళ్లలో ఉన్నట్టే లెక్క. మూడోది ఎవరో ఔత్సాహికులు వేగం కోసం సానబట్టినది. నిజానికి మూడోది ఆ లాప్‌టాప్‌కి పనికిరాదని చూసిన మొదటిరోజే తేలిపోయింది. కానీ దాన్ని తీసేస్తే కొటేషన్లు రెండే మిగులుతాయి. అందుకని పనికిరానిదానికి కూడా పద్నాలుగు గళ్లూ ఓపిగ్గా నింపారు. ఇంటర్నెట్‌లో ఈ విషయాలు చర్చించుకునేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఏ ఇద్దరూ ఒక మాట మీద నిలబడరు. పట్టికగారు అందరి మాటలూ రాసుకున్నారు. నోటుపుస్తకం అయిపోతే ఇంకోటి తీశారు.

ఇప్పుడు నడుస్తున్న పాత కెర్నల్‌ని పట్టికలో చేర్చలేదు. "పోటీ అర్జీ పెట్టుకున్నవాళ్ల మధ్యే, ఉన్నది అర్జీ పెట్టుకోలేదు" అన్నారు. మార్కులు కూడితే పోయిన వారం పుట్టినది గెలిచింది. తయారీ తేదీ ఎంత కొత్తదైతే అంత ఎక్కువ మార్కులని పంపుల కొనుగోలు నియమాల్లో ఉంది మరి.

బుధవారం సాయంత్రం ఆయన కార్యం మొదలుపెట్టారు. "రేపు పాఠం పెట్టుకుని ఇవాళ దాన్ని కదిపొద్దండీ, మీకు పుణ్యముంటుంది" అంది భార్య. "రేపటి కోసమేగా ఇదంతా" అన్నారాయన. అబద్ధం కాదు, ఆయన మనసులో నిజంగానే అలా ఉంది. భార్య పాఠానికి తన వంతుగా ఆయన చేయగలిగినది ఆ పట్టికే.

ఇక్కడే ఆయన ఆయన్లా ప్రవర్తించారు. మరొకరైతే కొత్తది వేసి, నాలుగు రోజులు నడిపి, బాగుంటే పాతది తీస్తారు. నీటి సరఫరా కార్యాలయం స్టోర్సులో ఆ పద్ధతి లేదు. పాత మోటారుని పనికిరాదని కండెమ్ చేసి, పుస్తకంలోంచి కొట్టేసి, ఆ తర్వాతే కొత్తది లోపలికి రావాలి. లేకపోతే ఒకే పనికి రెండు మోటార్లెందుకని ఆడిట్‌వాళ్లు పట్టుకుంటారు. ఆ నియమం ప్రకారం పట్టికగారు పాత కెర్నల్‌ని కండెమ్ చేస్తూ తెల్లకాగితం మీద ఫారం రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, తర్వాత లాప్‌టాప్‌కి ఆజ్ఞ ఇచ్చారు. పాపం లాప్‌టాప్ ఆయనకన్నా తెలివైనది. "మీరు తీసేస్తున్నది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్. ఖాయమేనా?" అని అడిగింది. కూర్చున్న కొమ్మని నరుక్కునేవాణ్ని ఆ కొమ్మే వారించినట్టు. ఫారం మీద సంతకం అయిపోయింది కదా, ఖాయమే అన్నారు.

తర్వాత కొత్తది వేసి, లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టారు. కొత్తది లేచింది. పాతదానికన్నా పదకొండు సెకన్ల ముందు లేచింది. పట్టికగారు గడియారం చూసి రాసుకుని, తృప్తిగా మూత వేసి పడుకున్నారు.

గురువారం ఆయన సెలవు పెట్టారు, భార్య పాఠం చూద్దామని. పదింబావుకి ఆమె బల్లమీద గుడ్డ పరిచి, సుద్ద, టేపు, కత్తెర సర్ది, ఫోన్ వేలాడదీసి, లాప్‌టాప్ తెరిచింది. నెట్ లేదు. రోజూ వాడుకునే పైవాటా ఇంటావిడ వైఫై ఒక్కటే కాదు, అసలు ఏ వైఫై పేరూ తెర మీద లేదు. లాప్‌టాప్‌లో వైఫై అనే అవయవం ఒకటుందన్న సంగతే కొత్త కెర్నల్‌కి తెలీదు. పాతదానికి తెలుసు. పాతది నిన్న కండెమ్ అయింది.

ఆపి మళ్లీ పెట్టారు. మళ్లీ ఆపారు. పదిన్నర దాటింది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ నోటుపుస్తకం రెండో సంపుటం తిరగేయడం మొదలుపెట్టారు.

ఆమె అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. గుడ్డ మడిచి, కత్తెర, టేపు, సుద్ద, ఫోను సంచిలో వేసుకుంది. చెప్పులేసుకుని వీధి మలుపులో ఉన్న కంప్యూటర్ రిపేరు షాపుకి నడిచింది. వెనకాల పట్టికగారు, చేతిలో నోటుపుస్తకంతో.

షాపావిడ విషయం వినడానికి అర నిమిషం తీసుకుంది. "వైఫై సంగతి తర్వాత చూద్దాం అక్కా" అని, గోడలోంచి వస్తున్న నెట్ కేబుల్ తెచ్చి లాప్‌టాప్ పక్కన గుచ్చింది. నెట్ వచ్చేసింది. కౌంటర్ మీద విప్పి పడేసిన కీబోర్డులూ స్క్రూలూ ఒక అట్టపెట్టెలోకి తోసేసింది. పైన అలమరకి ఫోన్ వేలాడగట్టింది. పదకొండుకి మూడు నిమిషాలుందనగా గుడ్డ పరిచారు.

తెర మీద ముగ్గురు పెద్దలు, పదిమంది పిల్లలు కనబడ్డారు. "మీ వెనక విరిగిన కంప్యూటర్లు కనిపిస్తున్నాయేంటండీ?" అన్నాడు పెద్దాయన.

"మా ఇంట్లో నెట్ రాలేదండీ. అందుకని పనయ్యేచోటికి వచ్చాను" అందామె.

పాఠం మొదలైంది. చొక్కా చెయ్యి భుజానికి అతికే చోట గుండ్రం ఎలా కత్తిరించాలో చెబుతోంది. పట్టికగారు కెమెరాకి కనబడకుండా షాపు గుమ్మం పక్కన, చెడిపోయిన ప్రింటర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. భార్య గొంతు అంత నిబ్బరంగా ఉంటుందని ఆయన మర్చిపోయారు. ఆరేళ్లుగా ఆ గొంతు "ఎంత పొడవు తగ్గించమంటారు?" అనే మూడు మాటలకే పరిమితమైపోయింది.

పిల్లల్లో ఒకమ్మాయి చేతిలో కత్తెర పట్టుకుని ఆగిపోయింది. "మేడమ్, ఇంకోసారి కొలవనా?"

"ఎన్నిసార్లు కొలిచావు?"

"మూడుసార్లు."

"మూడుసార్లూ ఒకటే వచ్చిందా?"

"ఒకటే వచ్చింది మేడమ్."

"అయితే ఇంక నువ్వు కొలవట్లేదమ్మా, భయపడుతున్నావు. గుడ్డ చెడితే ఇంకో గుడ్డ తెచ్చుకుందాం, ఎవరూ నిన్నేమీ అనరు. కొలిచేది కత్తిరించడానికి. కొలుస్తూ కూర్చోడానికి కాదు. కానివ్వు, కత్తిరించు."

ఆమె గుమ్మం వైపు చూడలేదు. ఆయన్ని దృష్టిలో పెట్టుకుని అన్న మాట కూడా కాదు, ఎదురుగా ఉన్న పిల్ల కోసం అంది. అందుకే అది ఆయనకి సూటిగా తగిలింది. నలభై బకెట్లు కొన్ననాడు "ఎవరూ నిన్నేమీ అనరు" అని తనకి ఒక్కరైనా చెప్పి ఉంటే ఎలా ఉండేదా అనిపించింది. చేతిలో నోటుపుస్తకాన్ని ప్రింటర్ మీద పెట్టేశారు.

పాఠం అయ్యాక షాపావిడ లాప్‌టాప్ ముందుకి లాక్కుని పావుగంటలో పాత కెర్నల్ మళ్లీ ఎక్కించింది. వైఫై లేచి కూర్చుంది. "శుభ్రంగా పన్జేస్తున్నదాన్ని ఎందుకు తీశారు సార్?" అంది. ఆయన నోటుపుస్తకంలోంచి పట్టిక తీసి చూపించారు. ఆవిడ పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివింది. వయసు, సైజు, వేగం, మరమ్మతుల గడువు, నెట్‌లో ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది తిట్టారు.

"భలే గీశారు సార్. పన్జేస్తుందా అన్న గడి ఎక్కడుంది?"

ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. లేదు.

పది రోజులకి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆమె పొద్దున్నే సంచిలో కత్తెర వేసుకుని వెళ్తుంది, ఆయన ఆఫీసు నుంచి వచ్చిన గంటకి గాని రాదు. ఆయన మారిపోయారని చెబితే మీరు నమ్మరు, నేనూ నమ్మను. మొన్ననే ఆఫీసులో చీపుళ్ల కోసం పదహారు గళ్ల పట్టిక గీశారు. ఒకటి మాత్రం కొత్తది, మొట్టమొదటి గడిలోనే "ఊడుస్తుందా?" అని రాశారు.

అయితే నిన్న సాయంత్రం ఒకటి జరిగింది. లాప్‌టాప్ తెరిచేసరికి తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. కొత్త కెర్నల్ వచ్చింది, వేయమంటారా? కింద రెండు మీటలు. పట్టికగారి చెయ్యి అలవాటుకొద్దీ స్కేలు మీదికి పోయింది. స్కేలు తీసుకున్నారు. తర్వాత దాన్ని సొరుగులో పడేసి, వద్దు అన్న మీట నొక్కారు.

భార్య వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. ఆమె చేతులకింకా సుద్ద ఉంది.

"కొత్త కెర్నల్ వేయమంటావా అని లాప్‌టాప్ అడిగింది. వద్దని నొక్కేశాను."

ఆమె చెప్పులు విప్పుతూ ఆగింది. నవ్వు ఆపుకుంటూ, "ఎవర్నడిగి?" అంది.

ఆ ప్రశ్నకి జవాబుగా ఆయన ఇరవై రెండేళ్లపాటు బీరువాలు పట్టనన్ని పట్టికలు గీశారు. ఇప్పుడు చేతిలో ఒక్క కాగితం లేదు.

"ఎవర్నీ అడగలేదు" అన్నారు.