లేని నత్తకు పెట్టిన పేరు

బంటుమిల్లి దాటాక చేపల చెరువుల గట్ల మీద సున్నం బస్తాలు విప్పుతుంటే ఆ ఘాటు బస్సు కిటికీల్లోంచి లోపలికి వచ్చేస్తుంది. అందరూ ముక్కుకి కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నాకు ముక్కుతో ఇబ్బంది లేదు, చెవులతోనే. రెండు చెవులూ వేడెక్కిపోతాయి. ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంటాను. మొన్న కూడా అంతే అయితే పక్కనున్నావిడ "ఎండ తగులుతోందాండీ, ఇటు జరగండి" అంది పాపం. ఎండ కాదమ్మా, సిగ్గు అని చెబితే నన్నో రకంగా చూస్తుందని ఊరుకున్నాను. సున్నం వాసనకి సిగ్గుపడే మనిషి ఈ డెల్టాలో ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇదివరకు ఇంకొకరు ఉండేవారు. ఆవిడ సత్యవతి గారు, మా మేడమ్.

మేడమ్ బందరులో మా కాలేజీలో జువాలజీ చెప్పేవారు. సొంతూరు గుడివాడ. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే పెద్దక్క గేదెల్ని మేపి, పాలు పోసి చదివించింది. తోటివాళ్లంతా యూనివర్సిటీలకు వెళ్లి డాక్టరేట్లు తెచ్చుకున్నారు గానీ ఆవిడ ఎమ్మెస్సీ దగ్గరే ఆగి ఉద్యోగంలో చేరిపోయారు. స్టాఫ్ రూములో ఆ లోటుని ఎవరో ఒకరు ఏదో ఒక వంకతో గుర్తు చేస్తూనే ఉండేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. సెలవు దొరికితే మాత్రం గుడివాడ మీదుగా కొల్లేరు వెళ్లి, చీర మోకాళ్ల దాకా ఎగదోపి తాటిదోనెలో కూర్చునేవారు. ఆవిడకు నత్తలంటే ప్రాణం. నేను మొదట ఆవిడ విద్యార్థిని, తర్వాత తొంభైల చివర్లో అదే డిపార్టుమెంటులో తాత్కాలిక లెక్చరర్ని. నాకు నత్తల మీద అంత ప్రేమేమీ లేదు. ఆవిడ మీద ఉన్నదాంతోనే దోనె ఎక్కేదాన్ని.

"ఈ సరస్సు ఎప్పటిదనుకుంటున్నావ్? మన ఊళ్లూ మన కులాలూ ఇంకా పుట్టనప్పటిది" అనేవారు దోనెలో. "ఇంత పాత నీళ్లలో మనకి తెలీని ప్రాణి ఒక్కటీ ఉండదంటావా? ఉండి తీరుద్ది. మనకి కనపడాలంతే." నిజంగానే ఒకరోజు కనపడింది. సరస్సు అంచున దోనె ఆగడానికి వీలైన ఒక మూల, కాళ్లకు గట్టిగా ఏవో తగిలితే ఆవిడ దోసిట్లోకి తీశారు. మన కాలవల్లో దొరికే మామూలు నత్తకు గుల్ల పల్చగా, ఆకుపచ్చగా ఉంటుంది. మీద ముదురు చారలుంటాయి. వీటికి చారల్లేవు. గుల్ల మందంగా, తెల్లగా ఉండి, చుట్టు మీద వేలికి తగిలే మిట్ట ఒకటి ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నా వేలితో ఆ మిట్టని తడిమించారు. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి.

కొత్త జాతి అని చెప్పడం నోటిమాటతో అయ్యే పని కాదు. గుల్ల ప్రతి వంపునీ కొలవాలి, పాత పుస్తకాల్లో వర్ణించిన వాటన్నింటితో పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని నిరూపించాలి. అప్పుడు పేరు పెట్టి పత్రికలో అచ్చు వేయించాలి. అదంతా చేశాం. పేరు కొల్లేరు మీదే పెట్టారు. ఆ పేరు పక్కన కనిపెట్టినవాళ్లుగా ఆవిడ పేరూ నా పేరూ అచ్చులో చూసుకున్నప్పుడు నేను ఎంత మిడిసిపడ్డానో చెప్పలేను. స్టాఫ్ రూములో వెక్కిరింతలు ఆగిపోయాయి. గుడివాడలో ఆవిడ చదివిన హైస్కూలు పాత విద్యార్థులు టౌన్లో సన్మానం చేస్తామన్నారు. పెద్దక్క ఆ సభకోసం కొత్త పట్టుచీర కొనుక్కుందని మేడమ్ సిగ్గుపడుతూ చెప్పారు. అది వేరే రకం సిగ్గు, ముద్దొచ్చే సిగ్గు.

ఈలోగా నేను దివిసీమలో అవనిగడ్డ దగ్గర మా మావయ్య వాళ్ల ఊరు వెళ్లాను. మావయ్య అంతకు ముందే వరిచేను తవ్వించి చేపల చెరువు వేశాడు. కొత్త చెరువు చూపించాలని గట్టు మీదికి తీసుకెళ్లాడు. అంచున నీళ్లలో మా నత్తలు. తెల్లగా, మందంగా, మిట్టతో సహా. దివిసీమకీ కొల్లేటికీ సంబంధమేమిటని ఆలోచించే బుర్ర నాకెక్కడిది? మన నత్త ఇక్కడ కూడా ఉందని పొంగిపోయి ఒక డబ్బాలో నీళ్లు పోసి కొన్నింటిని పట్టుకొచ్చాను.

మేడమ్ డబ్బా మూత తీసి చూశారు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ అడిగింది ఒకటే.

"గట్టుకి ఇవతల, కాలవలో చూశావా?"

"చూశానండీ. అక్కడంతా మామూలు చారల నత్తలే."

"చెరువులో సున్నం చల్లుతారా?"

"ఎందుకు చల్లరండీ, చేపలకి రోగాలు రాకుండా బస్తాలకు బస్తాలు చల్లుతారు."

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయారు. నాకు అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది. నత్త తన గుల్లను కట్టుకునేది నీళ్లలో దొరికే సున్నంతోనే. అది మితిమీరి దొరికితే గుల్ల మందమెక్కి తెల్లబడిపోతుంది. కొల్లేటిలో మేము దోనె ఆపిన ఆ మూల ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. సరస్సులోకి చొచ్చుకొచ్చి తవ్విన చెరువుల నీళ్లు వదిలే తూము అక్కడే ఉంది. ఆ తూము మాకు కనపడకేం, దాని సిమెంటు దిమ్మకే దోనె కట్టేశాం. పాత సరస్సు పుట్టించిన ప్రాణి అనుకుని మేము దోసిట పట్టింది చెరువులోంచి కొట్టుకొచ్చిన మామూలు నత్తని. ఊరంతా చెరువులు తవ్వుతుంటే, వాటి గట్ల మీదుగా నడిచి వెళ్లి మరీ, సరస్సునే చూశాం గానీ చెరువుని చూడలేదు. ఈ ప్రాంతం వాళ్లం కాబట్టే చూడలేదేమో. రోజూ కనపడేదాన్ని ఎవరు పట్టించుకుంటారు.

అయినా ఆవిడ అనుమానంతో తీర్పు చెప్పేసుకోలేదు. ఈ జాతి నత్తలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నేను తెచ్చిన వాటిని ల్యాబులో గాజుతొట్టిలో కాలవ నీళ్లు పోసి పెంచారు. పిల్లలు పుట్టాయి. వాటికి ఆ నీళ్లే పోస్తూ, పాచి పెడుతూ వచ్చారు. నేను రోజూ పొద్దున్నే వెళ్లి, పిల్లలకు మిట్ట రావాలని, చారలు రాకూడదని కోరుకునేదాన్ని. ఆవిడ కూడా కోరుకునే ఉంటారు, పైకి అనలేదు. ఒక ఉదయం తొట్టి గోడకు అతుక్కున్న పిల్లల మీద సన్నగా చారలు కనపడ్డాయి. పోనుపోను ముదిరాయి. గుల్ల పల్చగా, ఆకుపచ్చగా, కాలవలో దొరికే నత్తలాగే పెరిగింది. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అయిపోయిందమ్మా" అన్నారు.

సన్మానానికి అప్పటికే కార్డులు అచ్చయ్యాయి. వద్దని ఫోన్ చేస్తే, హాలు మాట్లాడేశాం మేడమ్, మీరు మొహమాటపడకండి అన్నారు వాళ్లు. తప్పయిందని పత్రికకు రాసి ఇద్దరం సంతకాలు పెట్టి పంపేశాం గానీ, అది అచ్చు కావడానికి నెలలు పడుతుంది. "సభ అయ్యాక ఊళ్లో చెప్పుకుందామండీ, పెద్దక్కగారు కూడా వస్తున్నారు కదా" అన్నాను. "అయ్యాక చెబితే శాలువా కప్పించుకుని మరీ మోసం చేసినట్టుంటుంది" అన్నారు. ఆవిడతో పాటు బస్సెక్కాను. దారంతా ఆవిడ ఒడిలో చేతిసంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

హాలు నిండిపోయింది. ముందు వరసలో పెద్దక్క, పట్టుచీరలో, రెండు పక్కలా బంధువులతో. అధ్యక్షుడు ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు. మేడమ్ శాలువా కప్పకముందే మైకు అడిగి తీసుకుని, మేము కనిపెట్టామన్నది తప్పని తేలింది, అది కొత్త జాతి కాదు, ఈ సన్మానానికి నేను తగను అని చెప్పారు. గొంతు బాగానే ఉంది. హెడ్మాస్టరు గారు మైకు అందుకుని "చూశారా, ఇంత సాధించి కూడా తగనంటున్నారు. సంస్కారమంటే ఇదండీ!" అన్నారు. హాలంతా చప్పట్లు. సన్మానపత్రం చదివే ఆయన లేచి 'సరస్సు గర్భాన దాగిన రహస్యాన్ని లోకానికి చాటిన విదుషీమణి' అని మొదలుపెట్టారు. అది ఫ్రేము కట్టించేశారు మరి, మధ్యలో ఆపితే ఎలా? మా తప్పుకి జనం చప్పట్లు కొడుతుంటే వేదిక మీద కుర్చీలో కూర్చున్న నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఎవరైనా తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

మేడమ్ కూర్చోలేదు. పత్రం చదువుతుండగానే చేతిసంచిలోంచి రెండు గుల్లలు తీసి, వేదిక అంచుకు వెళ్లి ముందు వరస వాళ్ల చేతికిచ్చారు. "ఇది తల్లండీ. ఇది దాని కడుపున పుట్టిన పిల్ల. చేత్తో పట్టుకుని చూడండి. తల్లి చేపల చెరువులో పెరిగింది, పిల్ల కాలవ నీళ్లలో పెరిగింది. తేడా అంతే. రెండూ మన మామూలు నత్తలే." గుల్లలు చేతులు మారుతూ వెనక్కి వెళ్తున్నాయి. అవి వెళ్లిన వరసలన్నీ నిశ్శబ్దమైపోతున్నాయి. పత్రం చదివే ఆయన కూడా ఎక్కడో ఒక సమాసం మధ్యలో ఆగిపోయారు.

అప్పుడు పెద్దక్క కూర్చున్న చోటు నుంచే అడిగింది. పెద్దావిడ కదా, చెవుడు వల్ల గట్టిగా మాట్లాడుతుంది.

"అంటే నువ్వేం కనిపెట్టలేదా సత్యం?"

"లేదక్కా."

"ఏదీ కూడా?"

"ఏదీ లేదక్కా."

పెద్దక్క కొంచెంసేపు చెల్లెల్ని చూసింది. తర్వాత కొంగు సర్దుకుని లేచింది. "సరే, దిగిరా. మెట్లు చూసుకో" అంది. మేడమ్ మెట్లు దిగుతుంటే వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఏడవకుండా ఉండటానికి నేను నానా పాట్లూ పడ్డాను.

బందరు తిరిగొస్తున్నప్పుడు బస్సులో ఉండబట్టలేక అడిగాను, "మీకు సిగ్గు వెయ్యలేదాండీ?" అని. ధైర్యం చెబుతారనుకున్నాను, ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను.

"చచ్చేంత సిగ్గుగా ఉంది" అన్నారు ఆవిడ. "అక్క మొహం చూడలేకపోయాను. బతికున్నన్నాళ్లూ ఉంటుందిది."

"మరి ఎలా చెప్పగలిగారండీ?"

"సిగ్గుగా ఉన్నంత మాత్రాన నోరు పడిపోదు కదమ్మా" అని కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నారు.

ఆ మాట ఎంత నిజమో సోమవారం కాలేజీలో చూశాను. అప్పటికే వార్త బందరు చేరింది, స్టాఫ్ రూములో వెక్కిరింతలు మళ్లీ మొదలయ్యాయి. ఆవిడ డిగ్రీ రెండో సంవత్సరం క్లాసుకి వెళ్లి బోర్డు మీద రెండు గుల్లలు గీసి, ఒక జాతిని రెండనుకుని మేం ఎలా పొరబడ్డామో పాఠంగా చెప్పారు. పిల్లలు నవ్వారు. వెనక బెంచీల వాళ్లు బల్లలు కూడా చరిచారు. ఆవిడ సుద్దముక్క చేత్తో పట్టుకుని, ఎర్రబడ్డ ముఖంతో, ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడ్డారు. తర్వాత పాఠం కొనసాగించారు. నేను వరండాలో నిలబడి విన్నాను. లోపలికి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

నత్తల శాస్త్రంలో ఒక పద్ధతుంది. తప్పుగా పెట్టిన పేరునైనా ఎవరూ కొట్టెయ్యరు. అసలు జాతి పేరు కింద, చెల్లని పేర్ల వరసలో, పెట్టినవాళ్ల పేర్లతో సహా అలా రాస్తూనే ఉంటారు. ఈ సరస్సు ఎండిపోయినా అది పోదు. మేడమ్ రిటైరై, పెద్దక్క పోయిన కొన్నేళ్లకే తనూ పోయారు. ఆవిడ పేరు ఏ గోడ మీదా లేదు గానీ అక్కడుంది. నా పేరూ ఉంది.

ఇప్పుడు ఆ పాఠం నేను చెబుతున్నాను. చెప్పి తీరాలని ఎవరూ అనలేదు, సిలబస్‌లోనూ లేదు. బోర్డు మీద రెండు గుల్లలు గీసి, చెల్లని పేర్ల వరస పుస్తకంలోంచి చదువుతాను. తూముకి దోనె కట్టేశారన్న దగ్గర ప్రతి ఏడూ పిల్లలు నవ్వుతారు. వాళ్లను ఆపను. సుద్దముక్క పట్టుకుని నవ్వు పూర్తయ్యేదాకా నిలబడతాను. తర్వాత ఆ రెండో పేరు నాదేనని చెబుతాను. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తడబడకుండా రాలేదు.