నాలుగు ఇంచుల మందం

మాదాపూర్ దగ్గర పెద్ద భవనాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. శేరిలింగంపల్లి వెళ్ళే బస్సులో కూర్చుని, మా పెరట్లో కాంక్రీటు వేయడానికి మేస్త్రీ రాసిచ్చిన కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. అతను అడిగిన ధర న్యాయమో కాదో తెలియడం లేదు. ఇలాంటివన్నీ మావారే చూసుకునేవారు.

పక్కన కూర్చున్నామె పని నుంచి వస్తున్నట్టుంది. చీర అంచుకు సిమెంటు అంటుకుని ఉంది.

"ఏందమ్మా, గంత పరేషాన్ అయితున్నవ్?" అంది. చెప్పాను.

"మందం ఎంతని రాసిండు?"

"రాయలేదమ్మా."

"మందం తెల్వకుంటే ధర ఎట్ల తెలుస్తది? నాలుగు ఇంచులని రాయించు. ఇంకో ఇద్దరిని గూడ గదే మందానికి అడుగు. పోసేనాడు మీ ఆయనను దగ్గర నిలబడమను."

"ఆయన పోయి ఏడు నెలలైంది."

ఆమె నా చెయ్యి తీసుకుని, బొటనవేలుతో సహా వేళ్ళన్నీ దగ్గరగా చేర్చి, "నాలుగు ఇంచులంటే నీ చెయ్యి ఎడల్పు, గింత. నువ్వే నిలబడు," అంది.

ఇంటికొచ్చాక అలాగే ముగ్గురినీ అడిగాను. నాలుగు ఇంచులని రాయించినా మొదటి మేస్త్రీ ధర మారలేదు. మిగతా ఇద్దరూ ఎక్కువే చెప్పారు. పని అతనికే ఇచ్చి, పోసినంతసేపూ అక్కడే నిలబడ్డాను.

ఆ రోజు బస్సులో తన స్టాపు వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. నేనూ వెనక్కి తీసుకోలేదు.