బాపు వచ్చినప్పుడే బిగించే మంచం

షార్జాలో మేం అద్దెకుంటున్న ఫ్లాటు తలుపు తీస్తే ముందుగా ముక్కుకు తగిలేది మా ఇంటి పోపు వాసన కాదు, ఎవరిదో తలనూనె వాసన. ఈ దేశం విడిచిపోతూ ఎవరో అమ్ముకున్న సోఫాను మా ఆయన బేరమాడి తెచ్చి హాల్లో వేశాడు. తల ఆనించే చోట నల్లగా జిడ్డు పట్టి, ఎన్నిసార్లు సబ్బునీళ్లతో తుడిచినా ఆ మనిషి ఇంకా అక్కడే కూర్చుని టీవీ చూస్తున్నట్టుంటుంది. తినే బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. మా ఆరేళ్ల పాపకు మొన్నటిదాకా మంచమే లేదు, నేల మీద పరుపు. ఇదేమిటంటే, "రెండేండ్ల కాంట్రాక్టుకు కొత్త సామాను ఎందుకే? ఇప్పటికైతే నడువనీ" అంటాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకెక్కదు? నా చిన్నతనమంతా ఆ 'ఇప్పటికైతే నడువనీ' మీదనే పడుకుని లేచినదాన్ని.

మాది ఎల్లంతకుంట దగ్గర ఒక ఊరు. తాతది తాళ్లు గీసి కల్లు దించే పని, బాపుది కూడా అదే. ఒకసారి తాటిచెట్టు మీంచి జారి, చావు తప్పి బయటపడ్డాక, బాపు చెట్టెక్కే మోకును దండెం మీద పడేసి దుబాయి పోయాడు. కట్టే బిల్డింగులలో తలుపులు, కిటికీలు బిగించే పని దొరికింది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఇల్లు కడతానన్నాడు. జాగా కొనలేదు, పునాది తియ్యలేదు, కానీ ఊరి వడ్లాయన దగ్గర మంచి టేకు కట్టె ఉందని తెలిసి, రాబోయే ఇంటికని మంచం చేయించాడు. మా దిక్కు దుబాయి పోయినవాళ్లలో ఇదొక రోగం, ఇంటికన్నా ముందే దర్వాజలు చేయించి గొడ్ల కొట్టంలో నిలబెట్టుకునేవాళ్లు. మాది ఇంకో అడుగు ముందు. తలవైపు చెక్క మీద రెండు నెమళ్లు, మధ్యలో తామరపువ్వు, నలుగురు మనుషులు పట్టేంత వెడల్పు. ఊరంతా వచ్చి చేత్తో తడిమి చూసి, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వుకుంటూ పోయింది.

బాపు తిరిగి వెళ్లాక, అమ్మ నన్నూ చెల్లెనూ చదువుల కోసం సిరిసిల్లకు తెచ్చింది, తర్వాత కోరుట్లకు, నా ఇంటర్‌కు జగిత్యాలకు. అన్నీ అద్దె గదులే, అన్నింటికీ ఒకటే కథ. గోడకు మేకు కొట్టొద్దంటారు ఇంటివాళ్లు, కాబట్టి మా ఇంట్లో దేవుని పటం కూడా కిటికీ ఊచకు తాడుతో వేలాడేది. అమ్మ పాత చీర తలుపుకు పరదా, బాపు దుబాయి నుంచి తెచ్చిన అట్టపెట్టె మా చదువుకునే బల్ల, రెండిటుకల మీద పలక వేస్తే గిన్నెల అలమర. ఇంత దరిద్రంలో, గదిలో సగం జాగా తినేస్తూ, విప్పదీసిన ఆ టేకు మంచం ప్లాస్టిక్ కవర్లూ గోనెసంచులూ చుట్టుకుని గోడకు ఆనించి నిలబడి ఉండేది. మేం ముగ్గురం మిగిలిన సగం గచ్చు మీద చాప పరుచుకుని పడుకునేవాళ్లం. సిరిసిల్లలో పక్కింటి మరమగ్గాల చప్పుడు నేలలోంచే వచ్చి చెవిలో దూరేది. కోరుట్లలో అమ్మ పొద్దంతా బీడీలు చుట్టేది, తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, వాటి వెనక సన్నగా ఆ మంచం పాలిష్ వాసన, ఇదే నాకు ఇల్లంటే గుర్తొచ్చే వాసన. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూల కట్టలు తెస్తే పెట్టడానికి చోటుండేది కాదు. సత్తుపిండి ముద్దలు మింగుతూ మేం పూల మధ్యనే ముడుచుకుని గచ్చకాయలు ఆడుకునేవాళ్లం, ఒక్క గచ్చకాయ జారి మంచం కట్ట వెనక్కి పడిందా, అమ్మ కళ్లు ఉరిమేవి.

"గీతలు వడ్తయి, జరుగుండ్రి! కొత్తింట్లకు తీస్కపోయే సామానది!"

ఆ కొత్తిల్లు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, దాని మంచానికి మాత్రం గీత పడకూడదు! ఇదెక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఆ మంచం కట్టు విప్పేది బాపు సెలవు మీద వచ్చినప్పుడే. ఫోను రాగానే అమ్మ మనిషే మారిపోయేది. గోనెలు విప్పి, బట్టతో నెమళ్ల కళ్లూ ముక్కులూ తుడిచి, పాలపొడి డబ్బాలో దాచిన బోల్టులు తీసి, వడ్లాయనను పిలవకుండా తనే బిగించేది. బాపు అట్టపెట్టె తాళ్లు కోస్తుంటే సబ్బుల వాసన, సెంటు వాసన, ఖర్జూరాల తీపి గదంతా నిండిపోయేవి. మరునాడే మల్యాల మీదుగా బస్సులో కొండగట్టుకు వెళ్లి మొక్కు తీర్చుకుని, తిరిగొచ్చి ఆ మంచం మీద పడేవాళ్లం. బాపుకు చెరోపక్క నేనూ చెల్లే. అమ్మ మాత్రం కింద చాప మీదనే.

"నువ్వు గూడ పైకి రాయే, మస్తు జాగున్నది" అనేవాడు బాపు.

"నాకు కిందనే మంచిగుంటది. మీరు పండుండ్రి" అనేది అమ్మ.

బాపు బస్సెక్కిన సాయంత్రమే బోల్టులు మళ్లీ డబ్బాలోకి, మంచం మళ్లీ గోనెలోకి. మేమిద్దరం ఏడ్చి మొత్తుకునేవాళ్లం, ఇంకొక్క రోజు ఉంచమని. వినేది కాదు. బాపు పోయినందుకు ఏడుస్తున్నామని వాడకట్టువాళ్లు జాలిపడేవాళ్లు గానీ, సగం ఏడుపు మంచానిదే.

కోరుట్లలో ఒక వానాకాలం గచ్చు కిందినుంచి నీళ్లు ఉబికి చాప తడిసిపోయేది. అమ్మకు నడుము పట్టేసి, బీడీల చాట ముందు కూర్చుంటే లేవలేక, గోడ పట్టుకుని లేచేది. పక్కగదిలో ఉండే రాజవ్వ, తను కూడా బీడీలే చుట్టేది, ఒకరోజు వచ్చి అది చూసి అగ్గిమీద గుగ్గిలమైంది. "గంత మంచం గోడకు వెట్టి నీళ్లల్ల పంటవానె? మతి గిట్ల వోయిందా నీకు?" అంటూ తనే గోనె విప్పబోయింది. అమ్మ లేవలేని మనిషి లేచి, రాజవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముట్టకక్కా! ఆయిన ఆడ ముక్కు మూసుకోని, కిందొకలు మీదొకలు పండే ఇనుప బంకు మీద పండుకుంటుండు. నేను ఈడ టేకు మంచమెక్కుదునా?"

రాజవ్వ గోనె వదిలేసి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అక్కడ బాపు ఇనుప బంకు మీద పడుకుంటే, ఇక్కడ ఈమె నీళ్లలో పడుకుంటే ఆయనకేమైనా మెత్తగా తగులుతుందా? ఆ రోజే మనసులో పంతం పట్టాను, ఎప్పటికైనా అమ్మను మంచం మీద పడుకోబెట్టి తీరాలని. పదేళ్ల పిల్ల పంతం ఎవరికి కావాలి? వాన తగ్గింది, చాప ఎండింది, మళ్లీ అదే నేల.

నేను నర్సింగు చదువు ముగించే నాటికి జగిత్యాలలో, మల్యాల పోయే రోడ్డు పక్కన, ఇల్లు లేచింది. బాపు ఫోనులోనే మేస్త్రీకి అన్నీ చెప్పాడు. అక్కడ తను తలుపులు బిగించే ప్రతి ఇంట్లో చూశాడు కదా, పడకగదికి అంటుకుని బాత్రూం ఉండాల్సిందేనన్నాడు. గృహప్రవేశం నాడు మంచం తెచ్చి బిగిస్తే బాత్రూం తలుపు తెరుచుకోలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, గోడకు నిలువుగా వేశారు, అడ్డంగా వేశారు, వచ్చిన చుట్టాలంతా తలా ఒక సలహా ఇచ్చారు. అటు తిప్పితే బాత్రూం తలుపు, ఇటు తిప్పితే గది తలుపు! పరాయి దేశంలో లెక్కలేనన్ని గదులకు తలుపులు బిగించిన మనిషికి, తన ఇంటి గదిని తన మంచానికి సరిపోయేలా కొలిపించాలన్న ఆలోచన రాలేదు. పక్కనే మంచాన్ని పెట్టుకుని కాపలా కాసిన అమ్మకూ రాలేదు. వడ్లాయనతో కోయించారు. నెమళ్లు దేవుని గది తలుపు మీదికి పోయాయి, మిగిలిన కట్టె రెండు పీటలైంది. వారం తిరగకముందే దుకాణం నుంచి, కింద సామాను పెట్టుకునే డబ్బా మంచం వచ్చింది. దాని మీద, దుబాయి నుంచి మోకాళ్లు అరగదీసుకుని వచ్చిన బాపు పడుకుంటాడు. అమ్మ దాని పక్కన టైల్స్ మీద.

ఆ అద్దె గదులేవీ ఇప్పుడు లేవు. సిరిసిల్లలో మా గది ఉన్నచోట ఫంక్షన్ హాలు, కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణాలు. బీడీలు చుట్టే ఆడవాళ్లు తగ్గిపోయారు, రాజవ్వ పోయింది. ఇల్లు కట్టకముందు మంచం చేయించే పిచ్చివాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు, ఫోనులో నొక్కితే మంచాలు సాయంత్రానికి ఇంటికే వస్తున్నాయట.

మొన్న అమ్మ విజిట్ వీసా మీద షార్జా వచ్చే ముందు నేను మా ఆయన్నీ అడగలేదు, ఎవరినీ అడగలేదు. ఇక్కడి ఆసుపత్రిలో నా జీతం రాగానే కొత్త మంచం కొన్నాను, మందపు పరుపు, తెల్ల దుప్పటి, అమ్మా పాపా ఇద్దరూ హాయిగా పట్టేది. "రేపు ఖాళీ చేసినప్పుడు ఏం జేస్తవ్?" అన్నాడాయన. "నెత్తిన పెట్టుకుని మోస్తా" అన్నాను.

మొదటిరోజు తెల్లారి టీ పట్టుకుని వెళ్లి చూస్తే మంచం మీద ఎవరూ లేరు. కింద, మంచానికీ గోడకూ మధ్య సందులో, అమ్మ తన చీర పరుచుకుని పడుకుంది. అమ్మమ్మను పట్టుకుని పాప కూడా అక్కడే.

"ఏందే అమ్మా ఇది! ఇదెవల కోసం కొన్ననే నేను?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

అమ్మ లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుంటూ, తప్పు చేసిన పిల్లలా నవ్వింది. "ఎక్కినగని నిద్ర రాలే బిడ్డా. ఎన్నడన్న పన్ననా, అలవాటయ్యేటందుకు?"

టీ కప్పు కింద పెట్టి, రెక్క పట్టి లేపి, ఆ పొద్దున్నే ఆమెను మంచం మీదికి ఎక్కించాను. "పండు" అన్నాను. "ఇప్పుడా?" అంది. "ఇప్పుడే" అన్నాను. నా ముఖం చూసి పడుకుంది. కాళ్లు మాత్రం మంచం బయటికే పెట్టింది, దుప్పటి మాసిపోతుందని.