గొర్రెల తొట్టిలో తెల్లమట్టి

కరోనాకు ముందటి ఎండాకాలం. పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున ఒక పల్లెకు బోరు పాయింటు చూపించడానికి వెళ్ళాను. భూగర్భజలాల జియాలజిస్టుగా నా ఉద్యోగమే అది. అంతకు ముందు అక్కడ నేను చూపించిన రెండు పాయింట్లూ పలకరాయిలో దుమ్ము తప్ప చుక్క నీరు ఇవ్వలేదు. ఇక ఊళ్ళో డబ్బు మిగిలింది ఒక్క బోరుకే. అందులోనూ నీళ్ళు పడకపోతే మందలు తోలుకొని వలస పోతామన్నారు ఊరివాళ్ళు.

గొర్రెలు కాసే ఈరమ్మక్క నన్ను చూడగానే చురక అంటించింది.

"మళ్ళా వచ్చినావా తమ్ముడూ? ఈసారి యాడ పొడిపిస్తావు?"

తల దించుకొని కొండెక్కాను. పైన రాతిపొరలు లోయవైపు వాలి ఉన్నాయి. ఈ వాలును మేము డిప్ అంటాం. ఊరి పక్కనున్న దిబ్బలో మాత్రం అవే పొరలు తిరగబడి కొండవైపు వాలాయి. ఉత్త రాళ్ళగుట్ట అని రెండుసార్లూ ఆ దిబ్బను వదిలేసినవాణ్ణి నేనే.

దిగి వచ్చి ఈరమ్మక్క దొడ్డి దగ్గర కూలబడ్డాను. గొర్రెలు తాగే తొట్టి నేలలో తవ్విన గుంతే. లోపలంతా తెల్లటి జిగట మట్టి మెత్తి ఉంది.

"ఇదేం మట్టక్కా?"

"దిబ్బ కింద, వాగు కోసిన కాడ దొరుకుతాది. ఇది మెత్తితే చుక్క గూడా ఇంకదు. తడిసిందా, కాలు నిలవదు."

ఆ చోటికి తీసుకుపొమ్మన్నాను. కింద గట్టి పలకరాయి, పైన పగిలిన బండలు, నడుమ జానెడు తెల్లమట్టి. వేళ్ళ మధ్య నలిపితే సబ్బులా జారింది. ఏనాటిదో అగ్నిపర్వతపు బూడిద పొరగా పడి మట్టిగా మారింది. పొరల వాలు లోయవైపు, కొండపాదాన్ని వాగు కోసేసింది. ఎప్పుడో పెద్ద వానకు మట్టి తడవగానే పైనున్న కొండముక్క దాని మీద జారి, కిందకొచ్చి వెనక్కి ఒరిగింది. ఆ ముక్కే ఈ దిబ్బ. దాని పగుళ్ళలో వాననీళ్ళు నిలవాలి, అడుగున మట్టి వాటిని పోనివ్వదు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్టుంది నా పని.

బోరు దిబ్బ మీదే వేయించాను. నీళ్ళు తగిలాయి, జనం ఈలలు వేశారు. కాసేపటికి తెల్లని బురద పైకొచ్చింది, అంటే అడుగునున్న మట్టిపొర తగిలింది.

"ఇంకా దించుదామా సార్?" అన్నాడు రిగ్ డ్రైవరు.

"ఆపు! తొట్టికి బొక్క పెడతావా?" అని అరిచాను.

ఆ బోరు నేటికీ పోస్తోంది, ఒక్క మందా ఊరు దాటలేదు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా కంపాస్ తీసే ముందు, అక్కడివాళ్ళు ఏ మట్టి దేనికి వాడతారో అడుగుతాను.

ఆ రోజు మొదటి బిందె ఈరమ్మక్క తెచ్చి తొట్టిలోనే పోసింది. గొర్రెలు మూతులు ముంచాయి.

"ఇంత చదివినావు," అంది నవ్వుతూ, "ఈ తొట్టి చూసేదానికి మూడుసార్లు రావాల్సి వచ్చిందా తమ్ముడూ?"