ముప్పై ఎనిమిది కిలోలు

ఎనభైల్లో సర్కారు చిన్న ఊళ్లకు కూడా విమానాలు నడపాలనుకుంది. మహారాష్ట్రలోని మా నాందేడ్‌కు వారానికి మూడు రోజులు బొంబాయి విమానం వచ్చేది. టికెట్టు ధర తగ్గించామని, ఇక రైతులు కూడా విమానం ఎక్కుతారని మొదటి రోజు పెద్దమనుషులు ఉపన్యాసాలిచ్చారు. రైతులు రాలేదు. గుత్తేదారులు, ఆఫీసర్లు, బట్టల వ్యాపారులు వచ్చేవాళ్లు.

నాకా విమానాశ్రయంలో గుమాస్తా ఉద్యోగం. బిలోలి దగ్గరి మా ఊళ్లో అన్న ఇల్లు వదిలి వచ్చి, నాందేడ్‌లో ఒక గది తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. విమానం చిన్నది కాబట్టి సామానుతో పాటు మనుషులనూ కాటా మీద నిలబెట్టి బరువు రాసుకోవాలి. అది నా పని. విమానం రాని రోజుల్లో రేకుల షెడ్డులో కూర్చుని ఖాళీ రన్‌వేను చూస్తుండేదాన్ని. ఇంటి మాట తెలుగైనా మరాఠీ బాగానే వచ్చు. అయినా సాయంత్రం గదికి చేరాక, పొద్దుటి నుంచి నా సంగతంటూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని గుర్తొచ్చేది.

ఒక మే నెలలో కుండల్‌వాడి వైపు నుంచి ఒక తెలుగు ముసలామె వచ్చింది. బొంబాయిలో కూతురు కాన్పయి, ఆస్పత్రిలో ప్రాణాల మీద ఉందని తంతి వచ్చిందట. వాళ్ల ఊరి మాస్టారు టికెట్టు కొనిచ్చి, ఆమెను మా దగ్గర దింపి వెళ్లిపోయాడు. కాటా ఎక్కమని తెలుగులో చెప్పగానే ఆమె నా మొహంలోకి చూసింది.

“నువ్వు తెలుగోళ్ల పిల్లవా బిడ్డా? జొన్నల సంచి లెక్క నన్ను జోకుతున్నవేంది?”

నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో నవ్వాను. ముప్పై ఎనిమిది కిలోలు అని రాశాను. విమానం వచ్చేదాకా ఆమె నా పక్కనే కూర్చుని, నేనేం వండుకుంటానో, పండక్కి ఎవరింటికి పోతానో అన్నీ అడిగింది.

ఆ రోజు ఎండ విపరీతం. వేడికి విమానం మామూలు బరువు మోయలేదని, ఇంకో ముప్పై కిలోలు తగ్గించాలని పైలట్ చెప్పాడు. మా మేనేజరు వరసలో ఉన్నవాళ్లను ఒక్కసారి చూశాడు.

“మ్హాతారీ పర్వా జాఈల్,” అన్నాడు. ముసలమ్మ ఎల్లుండి వెళ్తుందని.

ఒక గుత్తేదారు పెట్టె ఒక్కటే ముప్పై రెండు కిలోలు. నేనే తూచాను. అది దింపితే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఉద్యోగం పోతే మళ్లీ అన్న గడపే నాకు దిక్కు. అనలేదు. ఆమెకు చెప్పాల్సింది కూడా నేనే, ఆమె భాష నాకే వచ్చు కాబట్టి.

“నేనొక్కదాన్ని ఆగితె గంత పెద్ద ఇమానం లేస్తదా బిడ్డా?”

“లేస్తదట అవ్వా.”

ఆమె మూట సర్దుకుంది. విమానం లేచాక ఆమెను స్టేషనుకు తీసుకెళ్లి, మన్మాడ్ దిశగా పోయే రైలెక్కించి, బొంబాయి దాకా వెళ్తున్న ఒకావిడకు అప్పగించాను.

వానలు పడ్డాక ఒకనాడు ఆ అవ్వ షెడ్డు ముందు ఆటో దిగింది. చేతుల్లో పసిబిడ్డ.

“రైలు దిగిన. నిన్ను జూసి పోదమని అచ్చిన,” అంది. ఆమె చేరేసరికే, ఆ రోజు తెల్లవారుజామున కూతురు పోయిందట. చాయ్ తెప్పించాను. తాగుతూ నెమ్మదిగా అడిగింది.

“ఆ దినం ఇమానం ఎన్నింటికి చేరింది బిడ్డా బొంబాయి?”

సాయంత్రం నాలుగింటికి. రిజిస్టర్లో ఉంది. అంటే ఒక రాత్రంతా తల్లీ కూతుళ్లకు మిగిలేది.

“తెల్వదవ్వా,” అన్నాను.

ఆమె తల ఊపి, బిడ్డను నా ఒళ్లో పెట్టి, కొంగు సవరించుకుంది. “ఒక్కదానివే ఉంటవు. మా ఊరికి రా. పండుగ మాతోని చేసుకో,” అని ఊరి పేరు రెండుసార్లు చెప్పింది.

కొన్నేళ్లకు ఆ విమానం రావడం మానేసింది. నన్ను టైపిస్టుగా వేరే ఆఫీసుకు మార్చారు. ఒక దసరాకు కుండల్‌వాడి దాకా వెళ్లాను. వాళ్ల ఊరికి పోయే జీపు నిండుతోంది, డ్రైవరు నన్ను కూడా పిలిచాడు. రిజిస్టర్లో ఉన్న ఆ విమానం వేళ గుర్తొచ్చింది. కాసేపు నిలబడి, తిరుగు బస్సెక్కి నా గదికి వచ్చేశాను.