కాదు బాబాయ్

ఓరిన్ స్టబుల్‌ఫీల్డ్‌కి కాదనడం ఒక జబ్బు. "ఎండగా ఉంది బాబాయ్" అంటే "కాదు, ఉక్కగా ఉంది" అంటాడు. తన పెళ్ళిలోనే, "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరు అడిగితే అలవాటుకొద్దీ "కాదు" అన్నాడనీ, పెళ్ళికూతురు కాలు తొక్కితే సర్దుకున్నాడనీ చెప్పుకుంటారు.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జనమే సంతకాలు పోగుచేసి ఒక చట్టాన్ని నవంబరు ఎన్నికల బ్యాలెట్‌కి ఎక్కించి, నేరుగా ఓటుకు పెట్టవచ్చు. అలా ఎక్కిన ప్రతిదానికీ ఓరిన్ ఓటు "కాదు". పన్ను పెంచినా కాదు, తగ్గించినా కాదు. తోడేళ్ళను కాపాడినా కాదు, కాల్చినా కాదు. దాంతో ఊళ్ళో చాలామందికి ఓటు వెయ్యడం తేలికైపోయింది. ఓరిన్ దేన్ని తిడితే అది మంచిదన్నమాట.

ఆ వేసవిలో నదీన్ టాలివర్ సరుకుల కొట్టు ముందు బల్ల వేసుకుని సంతకాలకు కూర్చుంది. ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశాక ఆమె మనవరాలు కొండ అవతలి ఆసుపత్రికి పోయే దారిలో, కనుమలో, మంచులో, పికప్ ట్రక్కు సీటు మీద పుట్టింది. చిన్నకూతురు ఆ కనుమను తలుచుకుని పిల్లలే వద్దంటోంది. పల్లె వార్డులు తెరిపించే చట్టం బ్యాలెట్‌కెక్కాలి. మొదటి సంతకం ఓరిన్‌నే అడిగింది.

"కాదు," అన్నాడు కాగితం చూడకుండానే.

"ఎందుక్కాదు?"

"శాసనసభలో అయితే పదిమంది కొట్టుకుని తప్పులు దిద్దుతారు. నీ కాగితంలో తప్పుంటే ఎవడు దిద్దుతాడు? డబ్బెక్కణ్ణుంచో రాశావా? నర్సులు ఆకాశంలోంచి ఊడిపడతారా?"

"శాసనసభ ఏళ్ళతరబడి గురకపెడుతోంది బాబాయ్!"

"గురకపెట్టేవాణ్ణి తట్టి లేపు. వాడి కుర్చీలో నువ్వు కూర్చోకు."

"తట్టడమే ఇది. వాడు లేస్తేగా!"

ఓరిన్ టోపీ సర్దుకున్నాడు. "కాదు," అని వెళ్ళిపోయాడు.

గడువు ముంచుకొచ్చింది. మిగతా ఊళ్ళు తమ వంతు నింపేశాయి. ఈ ఊరిది నిండకపోతే అందరి కష్టమూ గంగపాలే. ఆఖరి శనివారం జనం డబ్బాల్లో ఐస్‌క్రీం కరిగిపోతుందని సరుకుల బండ్లు తోసుకుంటూ పరిగెడుతున్నారు. ఒక్కడు ఆగితే ఒట్టు. ఇది చాలదన్నట్టు ఓరిన్ మడతకుర్చీ తెచ్చి ఎదురుగా వేశాడు.

"పెట్టకండి! సంతకం పెట్టకండి! శుద్ధ దండగ!"

"నీకో దండం బాబాయ్, ఇంటికి పో."

"కాదు!"

పందులు పెంచే డ్వేన్ బండి ఆపాడు. "ఏంటే, కాదు బాబాయ్ వద్దంటున్నాడా?"

"వినపట్టంలా?" అంది నదీన్ ఏడుపు గొంతుతో.

"అయితే పెన్నిలా పడెయ్."

అతని వెనక అతని పెళ్ళాం, ఆమె వెనక బావమరిది, ఆ వెనక ఇంకెవరో. వరస కట్టారు. కాసేపటికి నదీన్ ఒకటి గమనించింది. వరస పలచబడినప్పుడల్లా ఓరిన్ గొంతు లేస్తోంది. చిక్కబడగానే నింపాదిగా నిమ్మరసం తాగుతున్నాడు.

సాయంత్రానికి ఊరి వంతు నిండి పొర్లింది. నదీన్ అతని ముందుకెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకు నిలబడింది.

"ఇదంతా నాకోసమేగా?"

"కాదు."

"పోనీ నవంబరులో ఔనని ఓటేస్తావా?"

"కాదు."

"మరెందుకు పొద్దున్నుంచీ గొంతు చించుకున్నావ్?"

"పిచ్చిమొహమా, బ్యాలెట్‌కెక్కకపోతే నేను కాదనేది దేన్ని?" కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ కనుమలో పుట్టిన పిల్ల... కులాసానా?"

"దానికేం! మాటలొచ్చాయి. అన్నిటికీ కాదంటుంది."

"ఔనా!" అన్నాడు ఓరిన్, మొహం చేటంత చేసుకుని.