రన్ అనే మాట, మా మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయిన మంగళవారం పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో కన్నుమూశారు. కబురు ఆయన కూతురే ఫోనులో చెప్పింది. ఏడుపు ఆగాక, "మావయ్యా, నాన్న పుస్తకం మళ్ళీ అచ్చేయిస్తన్నాం. ముందు పేజీకి నాలుగు ముక్కలు రాసియ్యండి" అంది. ఆ పుస్తకం సంగతి తెలిసినవాళ్ళలో ఇక మిగిలింది నేనే.

మాస్టారిది శ్రీకాకుళం తీరం. వల వదిలి చదువుకున్న మనిషి. నేను అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద మూటలు మోసేవాణ్ణి. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పారు. ఆ తరవాత నేను చదివిన ప్రతి పేజీ ఆయన పెట్టిన భిక్షే. ఇది ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

ఒకరోజు 'రన్' అనే మాట ఇచ్చారు. "పరిగెత్తడం అని రాసేసి ఊరుకోకురా. ఓడోళ్ళనడుగు. మాట బతికేది ఆళ్ళ నోట్లోన" అన్నారు.

అడిగాను. మద్రాసు ఓడ వచ్చినప్పుడల్లా, కొత్త వాడకం చెప్పినవాడికి ఒక ఎండు చేప. ఇంజను తిరిగితే రన్. ముక్కు కారితే రన్. ఉతికిన చొక్కా రంగు దిగినా, దుకాణం నడిపినా, ఓడలో మంచినీళ్ళు అడుగంటుతున్నా అదే మాట. "అరే భయ్యా, మా కెప్టెన్ సాబ్ నోరు కూడా రన్నింగే, లిఖ్ లో" అని అదీ రాయించి, ఓడ వంటవాడొకడు రెండు చేపలు లాక్కున్నాడు. మూడేళ్ళు పోగుచేసి, నోటుబుక్కు మాస్టారి చేతిలో పెట్టాను.

ఆ వాడకాలన్నిటితో పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆయన పేరు. లోపల వంటవాడి వేళాకోళం కూడా ఉంది. నా పేరు ఎక్కడా లేదు.

మా జాలరివాళ్ళలో, వల లాగడానికి ఒక్క చెయ్యి వేసినవాడికైనా వాటా తీసిపెట్టకుండా చేపలు ఒడ్డు దాటవు. దారిన పోతూ చెయ్యి వేసినా సరే. వల వదిలేసినంత మాత్రాన ఆయన ఆ పద్ధతి మరిచిపోయి ఉండరు.

ఈసారి రెండు పేర్లూ వెయ్యమని కూతురితో అన్నాను. "నాన్న పోయాక మార్చితే బాగోదు మావయ్యా" అంది.

పుస్తకం వచ్చిన కొత్తలో ఆయన్ను కూడా అడిగాను, బడి వదిలాక, క్లాసు గదిలో.

"నా వాటా ఏది మాస్టారూ?"

"నీకు ఇంగ్లీసు వచ్చింది కదరా."

"వల లాగినోడికి కండలొచ్చాయి కదా, చేపెందుకంటారా మీ ఊళ్ళో?"

ఆయన అటు తిరిగి డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టారు. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా తుడిచారు. నేనింకా గుమ్మంలోనే ఉన్నానని తెలిసి, మళ్ళీ మొదటి నుంచి తుడిచారు.